అచ్చు గుద్దినట్టు

పిల్లలూ! తాతను పోలిన మనవణ్ణి చూసి పెద్దవాళ్ళు, "అచ్చు గుద్దినట్టున్నాడు!" అంటారు. అచ్చు ఒకటే అయితే అందులోంచి వచ్చేవన్నీ ఒకేలాగ ఉంటాయని ఆ మాటకు అర్థం. ఇది ఎంతవరకు నిజం? తెలుసుకోవాలంటే కనుమనాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళి రావాలి.

రాజమహేంద్రవరంలో బయలుదేరి, ధవళేశ్వరం మీదుగా దక్షిణంగా వెళ్ళి, జొన్నాడ దగ్గర గౌతమి పాయ దాటితే రావులపాలెం వస్తుంది. అక్కడినుంచి కొత్తపేట మీదుగా అంబాజీపేట దారి పట్టండి. దారి పొడుగునా అరటితోటలు, కొబ్బరితోటలు, నిండుగా పారే కాలవలు. మొసలపల్లి దగ్గరి కొబ్బరితోటే జగ్గన్నతోట. చుట్టుపక్కల 11 ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు ఇక్కడికి వస్తాయి. వెదురుతో కట్టి, రంగుగుడ్డలతో అలంకరించిన ఆ ఎత్తయిన ప్రభలను జనం భుజాలమీద మోసుకు వస్తారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక కాలవలో దించి, నీళ్ళలోంచి దాటించే దృశ్యం చూసి తీరవలసిందే. 2023లో ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థాన్నే చూపించింది.

తీర్థం అన్నాక అంగళ్ళుంటాయి. అంగళ్ళలో జీళ్ళు, ఖర్జూరం, పంచదార చిలకలు ఉంటాయి. పూసలదండలు కూడా ఉంటాయి. చిలకకూ పూసకూ సంబంధం ఏమిటని అడుగుతారా? చాలా ఉన్నది. రెండూ అచ్చుల బిడ్డలే.

మొదట చిలక సంగతి చూద్దాం. గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకూ సారెలకూ పంచదార చిలకలు ఉండవలసిందే. వాటి అచ్చు చెక్కది. రెండు బద్దలు, ఒక్కొక్క దానిలో సగం చిలక లోతుగా చెక్కి ఉంటుంది. ఆ బద్దలను ముందు నీళ్ళలో బాగా నానబెడతారు. తరవాత రెండూ కలిపి తాడుతో బిగించి, పంచదార పాకం పట్టి, అది తెల్లబడి చిక్కబడే అదను చూసి లోపలికి పోస్తారు. పాకం లేత అయితే చిలక గట్టిపడదు. ముదిరిపోతే అచ్చులోకి దిగకముందే గడ్డ కడుతుంది. అచ్చు ఎంత బాగున్నా ఆ అదను తెలియని మనిషి చేతిలో అది ఒట్టి చెక్కముక్కే.

ఇప్పుడు పూసల అంగడికి రండి. పువ్వులాగ, ఆకులాగ, చేపలాగ, గుండెకాయ ఆకారంలో రంగురంగుల గాజు పూసలు. ఇటువంటి గాజు పూసలకు మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని కాశీ, పుర్దిల్‌నగర్ పేరుపడ్డవి. విదేశాలలో చెక్ దేశపు యాబ్లొనెట్స్ పట్టణం అచ్చు పూసలకు ప్రసిద్ధి. అక్కడ మెత్తబడిన గాజుకడ్డీని పట్టకారువంటి అచ్చులో పెట్టి నొక్కుతారు. అచ్చులోనే ఉన్న సూది పూసకు బెజ్జం చేస్తుంది.

దీపపు మంటమీద ఒక్కొక్క పూసనే చేసేవారి పద్ధతి వేరు. వారు సన్నని ఉక్కు ఊచకు పలచని మట్టిపూత పూసి ఆరబెడతారు. గాజుకడ్డీ కొనను మంటలో కరిగించి, తేనె చుట్టినట్టు ఆ ఊచ చుట్టూ చుడతారు. ఆ గాజుముద్ద మెత్తగా ఉండగానే అచ్చులో పెట్టి నొక్కుతారు. పూస చల్లారాక ఊచ మీదినుంచి లాగితే మట్టిపూత రాలిపోయి, బెజ్జం మిగులుతుంది.

గాజును నొక్కవలసిన పని ఏమిటి, పోయకూడదా? వసిష్ఠ పాయకు అవతల, పెరవలి దగ్గర ఉన్న అజ్జరం ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. ఇత్తడి 900 డిగ్రీల వేడి దాటాక కరిగి నీళ్ళలాగ పారుతుంది. కనక దాన్ని అచ్చులో పోస్తారు. గాజు అలా ఒక్కసారిగా కరగదు. మొదట వంగుతుంది, తరవాత సాగుతుంది, ఆ తరవాత తేనెలాగ జారుతుంది. వంగడానికీ జారడానికీ మధ్య ఉన్న కాసేపే దాన్ని నొక్కడానికి అదను. అచ్చం పాకం లాగే!

మరి పూసకు ఎటువంటి అచ్చు మంచిది? చూడగానే ముచ్చటగా ఉన్నదల్లా మంచిది కాదు. అచ్చు ఆకారం ఇవ్వడమే కాదు, ఇచ్చినదాన్ని వదిలిపెట్టాలి కూడా. అందుచేత గుంట అంచులు పైకి వచ్చేకొద్దీ విప్పారి ఉండాలి. కుండలాగ లోపల వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా ఉంటే పూస లోపలే చిక్కుకుంటుంది. మూలలు మరీ సూదిగా ఉంటే గాజు అక్కడిదాకా చేరదు. చేరినా, తరవాత అక్కడే చిట్లుతుంది. ఊచ పట్టడానికి అచ్చులో ఒక గాడి ఉంటుంది. ఆ గాడి ఊచ లావుకు సరిపోవాలి. లేకపోతే బెజ్జం పూస నడుమ ఉండదు.

అచ్చు దేనితో చెయ్యాలి? ఎక్కువగా ఇత్తడితోగాని, గ్రాఫైటుతోగాని చేస్తారు. గ్రాఫైటు మీ పెన్సిలు ములుకులో ఉండే నల్లని పదార్థమే. దానికి వేడిగాజు అంటుకోదు. ఇత్తడి గట్టిది, సన్నని నగిషీ కూడా నిలుస్తుంది. కాని మరీ వేడెక్కితే గాజు పట్టేస్తుంది. గాజు ఊది పాత్రలు చేసేవారు మాత్రం నానబెట్టిన చెక్క అచ్చులు కూడా వాడతారు. వేడిగాజు తగలగానే చెక్కలోని నీరు ఆవిరై, గాజుకూ చెక్కకూ మధ్య పలచని పొరలాగ నిలుస్తుంది. చెక్కను నానబెట్టే ఉపాయం మన చిలకలవారికీ తెలుసు చూశారా?

ఇక వాడే విధం. ముందు గాజు ఎంత కావాలో లెక్క తెలియాలి. తక్కువైతే పువ్వుకు రేకులు నిండవు. ఎక్కువైతే అంచుల్లోంచి పొంగి, పూస చుట్టూ రెక్కలాగ నిలుస్తుంది. మంటలోంచి తీసిన ముద్దను ఒక్క క్షణం ఆగనిచ్చి, అచ్చులో పెట్టి, నొక్కి, వెంటనే తీసెయ్యాలి. ఎక్కువసేపు ఉంచితే చల్లని లోహం గాజు వేడిని పీల్చేస్తుంది. పైపొర బిగుసుకుపోతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది, పూస పగులుతుంది. కనక ఒక్కసారే గట్టిగా నొక్కకుండా, మళ్ళీ మంటలో చూపి రెండు మూడు విడతలుగా నొక్కుతారు. చివరకు పూసను సుమారు 500 డిగ్రీల వేడి ఉన్న కొలిమిలో పెట్టి, నెమ్మదిగా చల్లారనిస్తారు. ఈ ఓపిక లేకపోతే ఈరోజు బాగున్న పూస రేపు దానంతట అదే రెండు ముక్కలు కావచ్చు.

ఇంత పని ఉన్నది కాబట్టే ఒకే అచ్చులోనుంచి వచ్చినా ఏ రెండు పూసలూ పూర్తిగా ఒకటి కావు. ఒకదాని రేకు నిండుగా ఉంటుంది, ఒకదానిది కొంచెం పలచన. ఆ తేడా అచ్చుది కాదు, చేతిది.

తీర్థంలో ఈసారి పూసలు కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. పూస నడుమ చుట్టూ సన్నని గీత కనిపిస్తే అది అచ్చులో నొక్కినది. గీత లేని చిన్న గుండ్రని పూసలు గాజుగొట్టాన్ని సాగదీసి, ముక్కలు కోసి చేసినవి కావచ్చు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో తరతరాలుగా పూసలు చేసిన పద్ధతి అదే. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 2000 ఏళ్ళ కిందట కూడా అలాంటి పూసలు చేశారు. మూడోది, పూసను వెలుతురుకు ఎత్తి పట్టుకుని లోపల పగుళ్ళున్నాయేమో చూడండి. నాలుగోది ముఖ్యం: బెజ్జం అంచు గోటితో తడిమి చూడండి. గరుకుగా ఉంటే వద్దనండి. ఆ అంచు దారాన్ని రోజూ కొంచెం కొంచెంగా కోస్తుంది. ఒకనాడు దండ తెగి, పూసలన్నీ నేలపాలవుతాయి. ఒక్క పూసలో చూపిన తొందర దండనంతా చెరుపుతుంది.

గాజు కరిగించడం పిల్లలు చేసే పని కాదు. దాని బదులు ఇంట్లో కజ్జికాయల అచ్చు ఉంటే అమ్మనడిగి తీసుకోండి. తడిపిన గోధుమపిండి ముద్దను ఒట్టి అచ్చులో ఒకసారి, నూనె రాసిన అచ్చులో ఒకసారి నొక్కండి. ముద్ద చిన్నది చేసి ఒకసారి, పెద్దది చేసి ఒకసారి నొక్కండి. ఎప్పుడు అంటుకున్నది, ఎప్పుడు మూల నిండలేదు, ఎప్పుడు పొంగింది అన్నది కాగితం మీద రాసుకోండి. పదిసార్లు నొక్కేసరికి, పదో కజ్జికాయ మొదటిదానికంటే ఎంత మెరుగో మీకే తెలుస్తుంది. అచ్చు మట్టుకు మారలేదు కదా! మరి మారినదేమిటో మీరే చెప్పండి.