ఆరేళ్లకు ఒకటో తరగతి సరే, ఐదో ఏడు ఎక్కడ?

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారమంతా ఒకటో తరగతి పిల్లల చేతులు గమనిస్తూ ఉంటాను. కొందరు బలపాన్ని వేళ్ల కొసలతో పట్టుకుంటారు, కొందరు పిడికిలి బిగించి పట్టుకుంటారు. మన లిపి గుండ్రటిది. సున్నా చుట్టి కలపగలిగితే, పైన తలకట్టు పెట్టి ‘ర’ రాసేయొచ్చు. ఆ సున్నా కలవాలంటే మణికట్టు తిరగాలి. మట్టి పిసికి బొమ్మలు చేసి, ముగ్గు గీతల మీద చింతపిక్కలు పేర్చి, కాగితాలు చించి అతికించిన చేతికి ఆ తిప్పుడు తొందరగా పట్టుబడుతుంది. ఇవేవీ చేయని ఐదేళ్ల పిల్ల సున్నా చుడితే కొసలు కలవవు. తుడుస్తుంది, మళ్లీ గీస్తుంది, కాసేపటికి పలక పక్కన పెట్టేస్తుంది. పిల్లకు చదువు రాదని ఇంట్లో తీర్మానించేస్తారు. నిజానికి అంతకుముందు రెండు మూడేళ్లలో ఆ చేతికి దొరకాల్సిన ఆట దొరకలేదు, అంతే.

అనంతపురం జిల్లా పల్లెల్లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చాలా ఏళ్లుగా చిన్న తరగతులకే చెబుతున్నాను. ఇన్నాళ్లూ ఐదేళ్లు నిండిన పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చుకుంటూ వచ్చాం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల దాకా పూర్వ ప్రాథమిక విద్య, ఆరు నిండాక ఒకటో తరగతి అంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆరేళ్ల నిబంధన పెట్టాయి. అన్ని రాష్ట్రాలూ దీన్నే పాటించాలని 2023 ఫిబ్రవరిలో కేంద్రం లేఖ రాసింది.

ఆరేళ్ల నిబంధన మంచిదనే నా అనుభవం చెబుతోంది. జూన్‌లో పుట్టిన బిడ్డ, మరుసటి మే నెలలో పుట్టిన బిడ్డ ఒకే తరగతిలో కూర్చుంటారు. ఐదేళ్ల పిల్లలకు పదకొండు నెలల తేడా అంటే అప్పటిదాకా బతికిన కాలంలో దాదాపు ఐదో వంతు. ఆరేళ్లు నిండాక చేరితే ఆ వాటా కొంత తగ్గుతుంది. చిన్న బిడ్డ పెద్ద బిడ్డతో పోటీ పడలేక, తనకు రాదన్న నమ్మకాన్ని మొదటి ఏడాదే మనసులో పెట్టుకుంటుంది. దాన్ని తీసెయ్యడానికి తర్వాత మాకు ఏళ్లు పడుతుంది.

కానీ బడి ముందుకు వచ్చే అవ్వల మాట కూడా నేను వినాలి. “మావోడు నూరు దాకా చెప్తాడు మేడం, ఈ ఏడే రాసుకోండి” అంటారు. ప్రవేశానికి పరీక్ష పెట్టకూడదని చట్టం ఉంది, నేనూ పెట్టను. పిల్లవాడి సంగతి తెలుసుకోవడానికి మాత్రం చింతపిక్కలు ముందు పోసి, ఐదు ఇవ్వమంటాను. వాడు దోసిలి నిండా తీసి ఇస్తాడు. అంకెలు పాటలాగా నోటికి వచ్చాయి గానీ, ఒక్కో పిక్కకు ఒక్కో అంకె అని ఇంకా తట్టలేదు. గవ్వలతో అష్టాచెమ్మా ఆడే ఇంట్లో పిల్లలకు అది ఆటలోనే వచ్చేస్తుంది.

అవ్వ తొందరకు వేరే కారణం ఉంది. కొడుకు, కోడలు బెంగళూరులో కూలి పనిలో ఉంటారు. ఆమె పొలానికి పోవాలి. బడిలో అయితే మధ్యాహ్నం అన్నం ఉంటుంది, పిల్లవాణ్ని చూసే మనిషి ఉంటుంది. వయసు చాలదని వెనక్కి పంపితే వాడు ఆ ఏడాదంతా ఎక్కడ ఉంటాడు? కాస్త డబ్బున్న ఇంటి బిడ్డ వ్యానెక్కి యూకేజీకి వెళ్తాడు. కూలి ఇంటి బిడ్డ చంటి చెల్లెలికి కాపలా ఉంటాడు. ఏడాది తర్వాత ఇద్దరూ ఒకటో తరగతికి వచ్చేసరికి వాళ్ల మధ్య దూరం ఇంకా పెరిగి ఉంటుంది.

ఈ వయసు పిల్లల్ని మన చట్టం ఎలా వదిలేసిందో చూస్తే బాధేస్తుంది. 1950 రాజ్యాంగంలోని 45వ అధికరణం పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అంది, కింది హద్దు పెట్టలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది. వృత్తి విద్యా కళాశాలల ఫీజుల గొడవలో వచ్చిన తీర్పు పల్లె పిల్లలకు అంత పెద్ద హక్కు ఇచ్చింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చాక ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్యకు కుదించుకుపోయింది. ఆరేళ్ల లోపు వాళ్ల సంగతి ప్రభుత్వం ప్రయత్నించాల్సిన ఆదేశిక సూత్రంగా మిగిలింది. 2009 విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేసే వెసులుబాటు ప్రభుత్వాలకు ఇచ్చింది గానీ, అది కచ్చితమైన బాధ్యత అనలేదు.

ఆ ఖాళీని 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద అంగన్‌వాడీలే పూడుస్తున్నాయి. మా బడి పక్క అంగన్‌వాడీ కార్యకర్తను నేను తోటి టీచరుగానే చూస్తాను. ఆమె గర్భిణులకు, బాలింతలకు సరుకులు ఇవ్వాలి, పిల్లల బరువు తూచాలి, టీకాల రోజు తల్లుల్ని పిలుచుకు రావాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో అన్నీ ఎక్కించాలి. ఇవన్నీ అయ్యాక ఆటపాటలు. చేతికి వచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. అయినా ఆమె పిల్లలతో రోజూ కొంతసేపు కూర్చోగలిగిన ఏడాది, ఆ పిల్లలు నా తరగతికి రాగానే తెలిసిపోతుంది. పేరు అడిగితే చెబుతారు, కథ చివరిదాకా వింటారు, నీళ్ల దగ్గర వరసలో ఆగుతారు. వాళ్లకు అక్షరం నేర్పడం నాకు సులువు.

పూర్వ ప్రాథమిక విద్యను చట్టంతో తప్పనిసరి చేసిన దేశాలూ ఉన్నాయి. ఫ్రాన్స్ 2019లో మూడేళ్ల నుంచే చదువు తప్పనిసరి చేసింది. అప్పటికే అక్కడ ఆ వయసు పిల్లలు దాదాపు అందరూ ఉచిత శిశు పాఠశాలలకు వెళ్తున్నారు. ఫిన్లాండ్‌లో బడి ఏడేళ్లకు మొదలవుతుంది, దానికి ముందున్న ఒక్క ఏడాదిని 2015 నుంచి తప్పనిసరి చేశారు. రెండు చోట్లా ముందు బడులు, టీచర్లు ఉన్నారు, ఆ తర్వాత చట్టం వచ్చింది. మన దగ్గర ముందు చట్టం వస్తే, పేద తల్లి అప్పు చేసి ప్రైవేటు ఎల్‌కేజీ ఫీజు కట్టాల్సి వస్తుంది.

అందుకే నేను కోరేది ఇది. తప్పనిసరి అనే షరతు మొదట ప్రభుత్వానికి పెట్టండి. ప్రతి అంగన్‌వాడీలో చదువు పని మాత్రమే చూసే శిక్షణ పొందిన టీచరును, పూర్తి జీతంతో నియమించండి. వలస వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డను ఏ ఊళ్లోనైనా ఏ నెలలోనైనా చేర్చుకోండి. మూడేళ్ల పిల్ల చేత రాత హోంవర్కు చేయించడం ఏ బడిలోనైనా ఆపించండి. ఒకటో తరగతి వయసును ఏడాదికి కొన్ని నెలల చొప్పున పెంచుకుంటూ పోతే ఏ బ్యాచ్ పిల్లలూ మధ్యలో చిక్కుకోరు. ఆరేళ్ల నిబంధన తెచ్చే ఉత్తర్వులోనే ఐదేళ్ల బిడ్డకు గది, టీచరు, మధ్యాహ్నం అన్నం ఎక్కడ దొరుకుతాయో రాసి ఉండాలి. అప్పుడు ఆ నిబంధనను ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పి ఒప్పించే పని మేం టీచర్లం సంతోషంగా చేస్తాం.