దారి బిడ్డలు

ఇల్లు లేనివాణ్ణి మనం బేఘర్ అంటాం. ఇల్లు విడిచి దారిలో ఉన్నవాణ్ణి ముసాఫిర్ అంటాం. రెండింటికీ చాలా ఫరక్ ఉంది. కానీ రాత్రి పదకొండింటికి ఫుట్‌పాత్ మీద చాదర్ కప్పుకుని పడుకున్న మనిషిని చూసి, ఆయన ఈ ఇద్దరిలో ఎవరో శహర్ అడగదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టారు, కాల్వలు తవ్వారు, ముంబై బస్సెక్కి పోయి అక్కడి మేడలు లేపారు. వీళ్లకు ఊళ్లో ఇల్లుంది. తలుపుకు తాళమో, గడప మీద ముసలి అమ్మీయో ఉంటుంది. లేనిది రోజీ. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌ల మీద, ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్లను లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద ఇళ్లు లేనివాళ్లు 17.7 లక్షలని తేలింది. అందులో ఊళ్లో ఇల్లుండీ ఆ రాత్రి నేల మీద ఉన్నవాళ్లు ఎందరో ఆ అంకె చెప్పదు.

మా ఖాలా కొడుకు తాపీ మేస్త్రీ. వనపర్తి నుంచి హైదరాబాద్ పోయిన కొత్తలో, కిరాయి కడితే ఇంటికి పైసలు పంపలేనని నాంపల్లిలో యూసుఫైన్ దర్గా దగ్గర పడుకునేవాడు. తాపీ తలకింద పెట్టుకునేవాడు. "గుచ్చుకోదా భాయ్?" అని అడిగాను. "ఎవరన్న లేపితే చూపియ్యాలె గదా! ఫకీర్ నై సాబ్, మేస్త్రీ హూఁ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కష్టం చేసుకునేవాడు తన ఇజ్జత్‌కు సబూత్ పక్కలో పెట్టుకుని నిద్రపోవాలా? ఆ మాటకొస్తే, చేయి చాపిన ఫకీరుకు మాత్రం ఇజ్జత్ ఉండదా?

శహర్‌కు రెండు చేతులు. ఒక దాంట్లో డండా, ఇంకోదాంట్లో చాదర్. 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తోందన్నప్పుడు హైదరాబాద్‌లో 2 నెలలపాటు భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీద దొరికినవాళ్లను చంచల్‌గూడ ఆనందాశ్రమానికి తరలించారు. ఆ మరుసటేడు ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అక్కడ అమల్లో ఉన్న భిక్షాటన చట్టంలో అడుక్కోవడాన్ని జుర్మ్‌గా చూసే సెక్షన్లను కొట్టేసింది. అంతకు చాలా ముందే, 1985లో, ముంబై ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది. అయితే ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు మాత్రం ఎవరికీ లేదని, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని అదే తీర్పులో చెప్పింది. రోజీ హక్కే, ఆ రోజీ కోసం వచ్చినవాడి పక్క మాత్రం హక్కు కాదు!

చాదర్ చేతి కథ 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్‌ది. లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా షెల్టర్ ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఇవ్వాలని అందులో రాశారు. మంచి ఖానూనే. కానీ లక్ష లెక్కన కొలిస్తే మన మూడు పట్టణాలూ 2011 లెక్కల ప్రకారం ఒక్కటీ లక్ష దాటవు. 2016 అక్టోబర్‌లో మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటితోపాటు పల్లెల నుంచి ముసాఫిర్లూ వచ్చారు. పెద్ద దవాఖానాలో మరీజ్‌కు మంచం దొరుకుతుంది. వెంట వచ్చిన భార్యకో తల్లికో వరండా దిక్కు. ఆఖరి బస్సు తప్పినవాడికి బస్టాండ్ బెంచీ దిక్కు.

ఇక్కడే మన దీన్ చెప్పిన ఒక మాట యాదికి తెచ్చుకోవాలి. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్‌లో సూరా తౌబా ఎనిమిది వర్గాలను చెప్పింది. ఎనిమిదోది ఇబ్నుస్సబీల్. మాటకు మాట అర్థం చెబితే దారి బిడ్డ. ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నా సరే, దారిలో చేయి ఖాళీ అయినవాడికి హక్కుంటుందని ఉలమా చెబుతారు. "నీకు ఇల్లుందా?" అన్నది సవాల్ కాదు, "ఈ రాత్రి నెత్తిన నీడుందా?" అన్నదే సవాల్. మన బుజుర్గులు సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు కట్టింది అందుకే. నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర నిజాం నాటి సరాయి ఆ ఆలోచనలోంచి పుట్టిందే.

రమజాన్‌లో మనం కంబళ్లు పంచుతాం, ఫొటోలు తీసుకుంటాం. పంచండి, సవాబ్ వస్తుంది. కానీ కంబళి పైకప్పు కాదు. ఈసారి జకాత్ లెక్క తీసేటప్పుడు ఎనిమిదో వాటా గురించి మీ మస్జిద్ కమిటీని అడగండి. మున్సిపాలిటీకి పోయి, దవాఖానా దగ్గర ఒకటి, బస్టాండ్ దగ్గర ఒకటి రాత్రి బస కావాలని దర్ఖాస్తు పెట్టండి. హిందూ, ముస్లిం, మాదిగ, బోయ అందరి సంతకాలూ తీసుకోండి. ఫుట్‌పాత్ మీద మనోళ్లంతా పక్కపక్కనే పడుకుంటున్నారు. కాగితం మీద సంతకాలు కూడా పక్కపక్కనే ఉండాలి.