మనాటీల ఇంట అతిథులుగా

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు పశ్చిమ తీరాన, టాంపా నగరానికి ఉత్తరంగా, క్రిస్టల్ రివర్ అనే చిన్న పట్టణం ఉంది. దానిని ఆనుకొని ఉన్న కింగ్స్ బే అడుగున డెబ్బైకి పైగా ఊటలున్నాయి. భూగర్భం నుండి ఉబికివచ్చే ఆ నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా సుమారు 22 డిగ్రీల సెల్సియస్. శీతాకాలంలో సముద్రం చల్లబడగానే మనాటీలు వందల సంఖ్యలో ఈ ఊటలను ఆశ్రయిస్తాయి. వాటిని చూడాలన్న కోరికతోనే జనవరి నెలలో మేము సకుటుంబంగా అక్కడికి వెళ్ళాము.

మనాటీ చేప కాదు. పిల్లలకు పాలిచ్చి పెంచే జలచరం. నీటిలో పెరిగే గడ్డినే మేస్తుంది కనుక దానిని సముద్రపు ఆవు అని కూడా అంటారు. వంశరీత్యా అది ఏనుగుకు చుట్టం. తెడ్లలాంటి దాని ముంగాళ్ళ చివర ఏనుగుకు ఉన్నట్లే గోళ్ళుంటాయి. దాదాపు మూడు మీటర్ల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు గల ఆ దేహాన్ని చూస్తే దానికి చలితో పని లేదనిపిస్తుంది. కానీ వాస్తవం వేరు. చలిని ఆపేంత కొవ్వు పొర దానికి లేదు. 20 డిగ్రీల కన్నా చల్లని నీటిలో ఎక్కువ కాలం ఉంటే జబ్బుపడి మరణిస్తుంది. కాబట్టి ఊట దానికి విహార స్థలం కాదు, ప్రాణాధారం.

ఫజ్ర్ నమాజు ముగించుకొని పడవ రేవుకు చేరుకున్నాము. పడవవారు ముందుగా ఒక వీడియో చూపించి నియమాలు వివరించారు. మనాటీని తరమరాదు, చుట్టుముట్టరాదు, తాకరాదు. మేతగానీ మంచినీరుగానీ అందించరాదు. తల్లీపిల్లల నడుమకు పోరాదు. నిద్రించేదానిని లేపరాదు. తేలే గుర్తులతో హద్దు కట్టిన ఆశ్రయ స్థలాల్లోకి అడుగుపెట్టరాదు. అందరికీ ఒళ్ళంతా కప్పే వెట్‌సూట్లు ఇచ్చారు. అవి చలిని ఆపుతాయి, నీటిపై తేలడానికీ సాయపడతాయి. మా ఇంటి ఆడవారికి ఆ నిండు దుస్తులు ఎంతో సౌకర్యంగా అనిపించాయి.

నీటిలోకి దూకకుండా నిచ్చెన పట్టుకొని మెల్లగా దిగాము. ముఖాన అద్దం, నోట స్నార్కెల్ గొట్టం; కాళ్ళు ఆడించకుండా బోర్లా తేలడమే మా పని. కొంతసేపటికి అడుగున బూడిదరంగు బండలా ఒక ఆకారం కనిపించింది. అది నిద్రిస్తున్న మనాటీ. కొన్ని నిమిషాలకొకసారి నిద్రలోనే పైకి తేలి, ముక్కుపుటాలు తెరచి శ్వాస తీసుకొని, మళ్ళీ కిందికి దిగుతోంది. దాని వీపుపై సమాన దూరంలో తెల్లని గీతలున్నాయి. అవి పడవ మర రెక్కలు కోసిన గాయాల మచ్చలని మా మార్గదర్శి తరువాత చెప్పాడు. మరికొంత దూరంలో ఒక పిల్ల తల్లి ముంగాలి వెనుక మూతి ఆనించి పాలు తాగుతోంది. మా పిల్లలు కదలకుండా చూస్తూ ఉండిపోయారు.

నియమాలు అంత కఠినంగా ఉండటానికి కారణముంది. మనుషుల తాకిడికి బెదరిన మనాటీ వెచ్చని ఊటను వదలి చలినీటిలోకి వెళ్ళిపోతుంది. తల్లి నుండి విడిపోయిన పిల్ల బ్రతకడం కష్టం. రెండు నుండి ఐదేళ్ళకొకసారి ఒకే పిల్లను కనే జాతి కనుక ప్రతి నష్టమూ పెద్దదే. 2021లో ఫ్లోరిడాలో సుమారు 1,100 మనాటీలు మరణించాయి. తూర్పు తీరపు కాలుష్యం వల్ల సముద్రపు గడ్డి నశించి, అనేకం ఆకలితోనే చనిపోయాయి. కడుపు నిండనిదానికి నిద్ర కూడా కరువు చేయడం న్యాయం కాదు.

నీటిలో దిగలేని పెద్దలకు, చిన్నపిల్లలకు త్రీ సిస్టర్స్ ఊటల చుట్టూ చెక్క వంతెన దారి ఉంది. బాగా చలిగా ఉన్న రోజుల్లో అక్కడి నీటిలోకి ఈతగాళ్ళను అనుమతించరు; గట్టు మీది నుండే చూడాలి. వెళ్ళదలచిన కుటుంబాలు నవంబరు నడిమి నుండి మార్చి చివరి వరకు గల కాలాన్ని ఎంచుకోవచ్చు. సందర్శకులను తక్కువ సంఖ్యలో తీసుకువెళ్ళే పడవను, తోడుగా నీటిలోకి దిగే మార్గదర్శిని చూసుకోవడం మంచిది.

మనాటీకి దగ్గరి బంధువైన డుగాంగ్ మన దేశపు సముద్రంలోనూ ఉంది. దాని కోసం తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. క్రిస్టల్ రివర్‌లో పిల్లలకు నేర్పిన మర్యాద అక్కడా అక్కరకు వస్తుంది: దగ్గరకు రావాలా వద్దా అన్న నిర్ణయం దానిది, కదలకుండా ఉండవలసిన బాధ్యత మనది.