తన్ను తానే కడుక్కునే గోడ

పిల్లలూ! వానాకాలం వెళ్ళిన తరువాత మీ బడి గోడను ఎప్పుడైనా శ్రద్ధగా చూచారా? పిట్టగోడ అంచునుంచి నల్లని చారలు, కాటుక కలిసిన కన్నీళ్ళలాగా, కిందికి కారి ఉంటవి. నేను హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ ఏటా బడి తెరిచే ముందు వెల్ల వేయించేవాణ్ణి. నాలుగు వానలు పడేసరికి కథ మళ్ళీ మొదటికే వచ్చేది! అందుకే, తన్ను తానే కడుక్కునే గోడ ఒకటి ఉన్నదని విన్నప్పుడు నాకు నమ్మకం కలగలేదు. నిరుడు వేసవిలో రోము నగరం వెళ్ళినప్పుడు పనిగట్టుకుని దాన్ని చూచి వచ్చాను.

రోము అనగానే పాత శిథిలాలు గుర్తుకు వస్తవి. ఇది అటువంటిది కాదు. నగరానికి తూర్పున తోర్ త్రె తెస్తె అనే పేటలో, నివాసపు మేడల మధ్య, 2003లో ప్రారంభమైన చర్చి. రిచర్డ్ మెయర్ అనే అమెరికా వాస్తుశిల్పి దీనికి రూపకల్పన చేశాడు. గాలికి ఉబ్బిన తెరచాపల్లాగా మూడు తెల్లని వంపు గోడలు లేచి నిలిచినవి. అన్నిటికన్న పెద్దదాని ఎత్తు సుమారు 26 మీటర్లు.

కాని బండ్ల పొగ కమ్మే నగరంలో తెలుపు ఎన్నాళ్ళు నిలుస్తుంది? అందుకని తెల్ల సిమెంటులో పాలరాతి ముక్కలతోపాటు టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి కలిపారు. రహస్యమంతా అందులోనే ఉన్నది.

ఈ పొడి శక్తిని చాటిన ప్రయోగం ఒకటి జపానులో జరిగింది. 1967లో తోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఫుజిషిమా అనే విద్యార్థి, గురువైన కెనిచి హోండా వద్ద పరిశోధన చేస్తూ, నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడ్ స్ఫటికం మీద వెలుగు పడనిచ్చాడు. బుడగలు వచ్చినవి! నీరు విడిపోతున్నది, స్ఫటికం మాత్రం అరగటం లేదు. పెళ్ళిళ్ళ పేరయ్య ఎన్ని సంబంధాలు కుదిర్చినా తాను పేరయ్యగానే మిగులుతాడు చూడండి, అలాగన్నమాట. ఇటువంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు.

గోడలో జరిగేదీ ఇంచుమించు ఇదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకగానే ఈ పొడి గాలిలోని ప్రాణవాయువునూ, తేమనూ చురుకైన రూపాలలోకి మారుస్తుంది. అవి గోడకు అంటిన జిడ్డును బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా విడగొట్టివేస్తవి. జిడ్డు పోయాక దుమ్ముకు పట్టు ఉండదు. ఇక వాన వస్తే నీరు తామరాకు మీద లాగా బొట్లు కట్టదు. పలుచగా పరుచుకుని దుమ్మును ఎత్తుకుపోతుంది. ఈ పూత పూసిన కిటికీ అద్దాలు 2001లోనే అమ్మకానికి వచ్చినవి.

ఇది మాయ కాదు సుమా! ఇసుకనూ, మట్టినీ ఈ పొడి విడగొట్టలేదు. ఎండ తగలని మూలలో దానికి పనే లేదు.

పాత అలవాటు పోలేదు. నేను చేతిరుమాలుతో గోడను ఒకచోట తుడిచి చూచాను. బంతి ఆడుకుంటున్న కుర్రవాళ్ళు నన్ను చూచి నవ్వారు. రుమాలుకు సన్నని ధూళి అంటింది. అక్కడ వాన పడి మూడు వారాలయిందట.