కొల్లేటి దారి, క్లచ్ మోత

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకుంటే కాసేపటికి ఎటు చూసినా నీరే! బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళను కడుపున దాచుకుని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది కొల్లేరు. 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు తెగగొట్టించింది. ఆటపాకలో గూడబాతులను చూడని పిల్లలుంటే తప్పక తీసుకువెళ్ళండి.

అయితే ఇరుకు గట్టుదారుల్లో ఎదురయ్యే ప్రతి లారీకీ ఆగాలి, కదలాలి. ఆ భారమంతా క్లచ్ మీదనే. 2014లో తయారీ ఆగిన అంబాసిడరు వంటి పాత డీసెల్ కారయితే బయలుదేరే ముందే చెవి వొగ్గి వినడం మేలు.

మా కారు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీల నడుమ మొరాయించినప్పుడు, మెకానిక్కు బానెట్ ఎత్తనైనా లేదు. "న్యూట్రల్లో వుంచి పెడల్ తొక్కండి మాస్టారూ... ఇహ వదలండి" అన్నాడు. తొక్కగానే కీచుమంటే రిలీజ్ బేరింగు. తొక్కితే ఆగి, వదిలితే మళ్ళీ మొదలైతే గేర్‌బాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. దబదబమని కొట్టుకుంటే ఫ్లైవీల్ బోల్టులు వదులైనాయేమో చూడాలి. డీసెల్ ఇంజను కుదుపులను మింగే బరువైన చక్రం అదే గదా!

మాది మొదటి రోగం. "గట్టుమీద ఇది పగిలితే గేరు పడదండి. పిల్లలతో చీకట్లో వుండిపోతారు" అన్నాడతను. ప్రయాణం వారం వాయిదా వేశాం.

ఏ బేరింగుకైనా గేర్‌బాక్సు దించక తప్పదు. దించినప్పుడే క్లచ్ ప్లేటు అరుగుదల కూడా చూపించుకోండి. రెండోసారి కూలి మిగులుతుంది.