ఉక్కునగరంలో రెండు చిన్న జల్లెడలు

ఛోటానాగపూర్ పీఠభూమి మీదుగా దిగివచ్చే సువర్ణరేఖ, మయూర్‌భంజ్ కొండల వైపు నుండి వచ్చే ఖర్కాయీ జంషెడ్‌పూర్ నగరపు అంచున, సోనారీ దగ్గర కలుసుకుంటాయి. ఆ చోటును స్థానికులు దోముహానీ అంటారు. ఉత్తరాన దల్మా కొండలు నీలిగోడలా నిలిచి ఉంటాయి. సాయంకాలం గట్టుమీద కుటుంబాలు కూర్చుంటాయి. పిల్లలు నీటిలో రాళ్లు విసురుతూ కేరింతలు కొడుతుంటారు. వెనుక దూరంగా కర్మాగారపు పొగగొట్టాలు కనిపిస్తాయి. నీరు, నిప్పు ఇంత దగ్గరగా కాపురముండే ఊళ్లు మన దేశంలో అరుదు.

ఈ నగర జననమే ఒక చిత్రమైన కథ. 1904 ఫిబ్రవరి 24న భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని గొరుమహిసానీ కొండల్లో మేలైన ఇనుప ఖనిజమున్నదని జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం వ్రాశాడు. ఆ సంవత్సరమే జంషెడ్‌జీ కన్నుమూశాడు. కుమారుడు దోరాబ్జీ ఆ కలను మోశాడు. 1907లో వెల్డ్ అనే అమెరికన్ నిపుణుడు, శ్రీనివాసరావు అనే సర్వేయరు తిరిగి తిరిగి సాక్చీ అనే చిన్న పల్లెను గుర్తించారు. ఇనుము దగ్గర, బొగ్గు దగ్గర, నీరు దగ్గర, రైలు దగ్గర! 1912 ఫిబ్రవరిలో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మె తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది.

పనిని వెదుక్కుంటూ దేశం నలుమూలల నుండి మనుషులు ఇక్కడికి వచ్చారు. వారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైలెక్కి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఈ ఊరినే సొంత ఊరు అంటారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్తుల రామమందిరం ఉన్నది. శ్రీరామనవమికి అక్కడ పానకం, వడపప్పు పంచుతారు. వీధిలో హిందీ, కర్మాగారంలో హిందీ, బెంగాలీ, ఒడియా; ఇంట్లో మాత్రం అచ్చమైన ఉత్తరాంధ్ర యాస.

సెలవులకు స్వగ్రామం వెళ్లివచ్చే ఈ కుటుంబాలు ఒక భయాన్ని కూడా మూటలో తెచ్చుకుంటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఇండ్లను పీడించింది. కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ పచ్చగా కనిపించే ఆ నేలలో జబ్బుకు అసలు కారణమేమిటో ఇప్పటికీ నిర్ద్వంద్వంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ పల్లెల అనుభవం నేర్పిన పాఠం ఒక్కటే: ఈ జబ్బు నొప్పి పెట్టదు, కేక వేయదు, తలుపు తట్టేసరికే ఇల్లంతా ఆక్రమించి ఉంటుంది.

పెద్దల విషయమే ఇలా ఉంటే, పసివారి సంగతేమిటి? మనిషికి పిడికెడంత మూత్రపిండాలు రెండు. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలుంటాయి. ఇవన్నీ తల్లి కడుపులోనే, ముప్పై ఆరవ వారం నాటికే తయారైపోతాయి; పుట్టిన తరువాత కొత్తవి రావు. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డ ఆ పెట్టుబడిలో లోటుతోనే జీవితం ఆరంభిస్తుంది.

సాధారణంగా వైద్యులు రక్తంలోని క్రియాటినిన్ చూచి మూత్రపిండాల పనితీరును అంచనా వేస్తారు. అయితే వడపోత శక్తి దాదాపు సగం పోయేవరకు ఈ అంకె పెద్దగా కదలదు. పైగా క్రియాటినిన్ కండరాల నుండి పుట్టే పదార్థం. పిల్లలకు కండ తక్కువ. పోషణ చాలని పిల్లలకు ఇంకా తక్కువ. అందుచేత ఎండిపోయిన బిడ్డ రక్తంలో ఆ అంకె ‘అంతా బాగానే ఉన్నది’ అని అబద్ధం చెప్పగలదు. జార్ఖండ్ పల్లెల్లో అటువంటి బిడ్డలకు కొదువ లేదు.

ఉక్కు కర్మాగారంలో ఒక నియమమున్నది. కరిగిన లోహాన్ని పోతపోయక ముందే గరిటెడు నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. గట్టిపడిన తరువాత దోషం కనిపెట్టి లాభమేమిటి? సరిగ్గా ఇదే ఆలోచనతో వైద్య శాస్త్రజ్ఞులు మూత్రంలో ముందస్తు జాడల కోసం వెదికారు. వీటికి జీవసూచికలని పేరు.

అన్నిటికంటె పాతది అల్బ్యుమిన్. లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లోనే, చెంచాలో మూత్రం కాచి అది తెల్లగా గడ్డకడితే మూత్రపిండం చెడిందని గ్రహించాడు. అల్బ్యుమిన్ పెద్ద అణువు. జల్లెడ కంతలు పెద్దవైతే తప్ప బయటికి రాదు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ ఇందుకు విరుద్ధం. అది చిన్నది, జల్లెడగుండా సులభంగా జారుతుంది. కాని తరువాతి సన్నని నాళికలు దానిని తిరిగి పీల్చుకుంటాయి. అది మూత్రంలో కనబడితే దెబ్బతిన్నది జల్లెడ కాదు, నాళిక. 1968లో దీనిని వేరు చేసినది కాడ్మియం విషం తలకెక్కిన రోగుల మూత్రం నుండే. లోహాలకూ మూత్రపిండాలకూ ఉన్న వైరం అంత పాతది.

ఈ సంగతి సింగ్‌భూమ్ నేలకు పరాయిది కాదు. ఇక్కడ ఇనుముతోపాటు రాగి, యురేనియం కూడా దొరుకుతాయి. దేశంలో మొదటి యురేనియం గని జాదుగూడలో 1967లో పని ఆరంభించింది. యురేనియం మోతాదు మించి ఒంటిలో చేరితే మొదట గాయపడేవి మూత్రపిండ నాళికలే. గనుల చుట్టుపట్ల ఆరోగ్యంపై ఏళ్ల తరబడి వాదాలు సాగాయి. వాదాలను తీర్చగలిగేది కొలత ఒక్కటే.

కొత్త సూచికలు ఇంకా చురుకైనవి. నాళికల కణాలు గాయపడగానే ఎన్‌గాల్, కిమ్-1 అనే ప్రొటీన్లను మూత్రంలోకి వదులుతాయి. 2005లో అమెరికాలోని సిన్సినాటిలో ప్రసాద్ దేవరాజన్ బృందం గుండె శస్త్రచికిత్స జరిగిన 71 మంది పిల్లలను పరిశీలించింది. వారిలో 20 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. క్రియాటినిన్ ఆ సంగతి చెప్పడానికి ఒకటి నుండి మూడు రోజులు పట్టింది. మూత్రంలోని ఎన్‌గాల్ రెండు గంటల్లోనే చెప్పింది. 2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం తీవ్ర చికిత్సలో ఉన్న పిల్లల కొరకు ఈ పరీక్షను అనుమతించింది. అయితే ఇది మంత్రదండం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్‌గాల్ పెరుగుతుంది. జ్వరం వచ్చినా, బాగా పరుగెత్తినా అల్బ్యుమిన్ కనిపిస్తుంది. గాయమున్నదని సూచిక చెబుతుంది; ఎవరు కొట్టారో చెప్పదు.

జంషెడ్‌పూర్ చుట్టుపట్ల ఈ పరీక్షల అవసరం మరింత స్పష్టంగా కనిపించేది సికిల్‌సెల్ రక్తహీనత విషయంలో. 1952లో అస్సాం తేయాకు తోటల కూలీలలో ఈ జబ్బును గుర్తించినప్పుడు, వారు బీహారు, ఒరిస్సాల నుండి వలస వెళ్లిన ఆదివాసులని తేలింది. కొడవలిలా వంగిన ఎర్రకణాలు మూత్రపిండపు లోపొరలో ఇరుక్కుంటాయి. మొదట మూత్రాన్ని చిక్కబరచే శక్తి పోతుంది. పిల్లవాడు మాటిమాటికి నీళ్లు త్రాగుతాడు, రాత్రి పక్క తడుపుతాడు. తల్లి కోప్పడుతుంది, ఇరుగుపొరుగు నవ్వుతారు. అది అల్లరి కాదు, మూత్రపిండం పంపిన తొలి కబురు కావచ్చునని వారికి చెప్పేవారెవరు? తరువాత అల్బ్యుమిన్ కారడం మొదలవుతుంది. అందుకే ఈ జబ్బున్న పిల్లలకు పదేళ్ల వయసు నుండి ఏటా మూత్రంలో అల్బ్యుమిన్ చూడాలని నిపుణులంటారు. ఆ దశలో పట్టుకుంటే జల్లెడపై ఒత్తిడి తగ్గించే మందులున్నాయి. 2023 జులై 1న ఆరంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన ఉద్యమంలో జార్ఖండ్ కూడా ఉన్నది.

జపాన్‌లో 1974 నుండి బడిపిల్లలందరికీ ఏటా మూత్రపరీక్ష జరుగుతున్నది. పిల్లలు ఉదయం తొలి మూత్రాన్ని చిన్న సీసాలో బడికి తెస్తారు. ఖరీదైన సూచికలు పెద్ద ఆసుపత్రులకే పరిమితం కావచ్చును; కాని అల్బ్యుమిన్ చూచే రంగు కాగితపు పట్టీకి గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఉదయాన కనురెప్పలు ఉబ్బడం, మూత్రం నురగ కట్టడం, ఎదుగుదల మందగించడం, ఇవి గమనించడానికి తల్లి కన్ను చాలు.

దోముహానీలో పొద్దు వాలుతుంది. సువర్ణరేఖ ఇసుకను జల్లెడ పట్టి బంగారపు రజను ఏరుకునే బీదలు ఈ నదీతీరంలో తరతరాలుగా ఉన్నారు. దినమంతా వంగి వెదికితే చిటికెడు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. గట్టుమీద పరుగెత్తే ప్రతి బిడ్డ ఒంటిలోనూ రెండు చిన్న జల్లెడలు రాత్రింబగళ్లు అలసట ఎరుగక పనిచేస్తున్నాయి. తునిగిన పట్టాను కొలిమిలో కరిగించి మళ్లీ పోతపోయవచ్చు. అరిగిపోయిన ఆ జల్లెడలను తిరిగి పోతపోసే కొలిమి ఈ ఉక్కునగరంలోనూ లేదు.