పాత పాటల వేళలో ఒక కొత్త పాట

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ పొందిన మా నాన్నగారు కూడబెట్టుకున్న ఆస్తి ఒక్కటే: పాత పాటల జ్ఞాపకం. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చి ఈ వంగదేశపు రైల్వే పట్నంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ. తెలుగు మాత్రం ఇంట్లోనూ, రేడియోలోనూ. రేడియో సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు వినబడితే ఆ కాలంలో ఇల్లంతా నిశ్శబ్దమయ్యేదట. పల్లవి అందుకోకముందే చిత్రం పేరు, సంవత్సరం చెప్పేయడం నాన్నగారికి వినోదం.

ఇప్పుడాయనకు ఎనభై ఏళ్లు. రోజూ ఉదయం పాత పాటలకే ప్రత్యేకించిన ఒక తెలుగు రేడియోను ఫోనులో పెట్టి ఇస్తాను. ఒకనాడు ఏ ప్రకటనా లేకుండా ఒక యుగళగీతం వచ్చింది. అందులో ‘మూగ మనసులు’ అన్న మాట వినబడింది. 1964 నాటి ‘మూగ మనసులు’ చిత్రంలో మహదేవన్ గారి బాణీలన్నీ ఆయనకు కంఠస్థం. ఈ పాట వాటిలో లేదు.

“ఇది ఏ సినిమాలోదిరా? నాకెందుకు జ్ఞాపకం రావడం లేదు?”

ఆ గొంతులో ఉన్నది కుతూహలం కాదు, భయం. అంతకు కొన్నాళ్ల ముందే ఆయన సొంత తమ్ముని పేరు తడుముకున్నారు.

నిజానికి అది సావిత్రి జీవితకథగా 2018లో వచ్చిన ‘మహానటి’ చిత్రంలోని పాట. మిక్కీ జె. మేయర్ వెనుకటి తరం ఒరవడిలో స్వరపరిచారు. ఆ సంగతి చెప్పగానే నాన్నగారు నిట్టూర్చి, “అయితే నేను మరచిపోలేదన్నమాట!” అన్నారు.

ఇటువంటి పాటలను పాత పాటల వేళనుండి వెలివేయాలని ఆ పూట నాకు కోపం వచ్చింది. తరువాత ముఖేష్ గుర్తుకు వచ్చాడు. 1945లో ‘పహలీ నజర్’ చిత్రంలో ఆయన అచ్చం సైగల్ ధోరణిలో ఒక పాట పాడి పేరు తెచ్చుకున్నాడు. ఆనాటి అనుకరణ ఈనాడు స్వయంగా పాత పాట అయి కూర్చున్నది. ‘మహానటి’ పాటకూ ఆ గతి పట్టదని ఎవరు చెప్పగలరు?

కనుక వినిపించడంలో తప్పు లేదు. చెప్పకుండా వినిపించడమే తప్పు. నేను అనువాదకుణ్ణి. ఎంత చక్కని అనువాదమైనా, మూలరచయిత పేరు లేకుండా అచ్చయితే అది పాఠకునికి చేసిన మోసమే. వెనుకటి రేడియో వ్యాఖ్యాతలు చిత్రం పేరూ గాయకుల పేర్లూ చెప్పి మరీ పాట వినిపించేవారు. వాటికి సంవత్సరం కూడా జోడిస్తే చాలు; వృద్ధుడైన శ్రోత తన జ్ఞాపకశక్తిని శంకించుకోనక్కరలేదు.

మొన్న ఆ పాట మళ్లీ వచ్చింది. ఈసారీ ప్రకటన లేదు. నాన్నగారు కళ్లు మూసుకునే, పల్లవికి ముందే అన్నారు: “మహానటి. 2018.”